సైన్, కొసైన్ గ్రాఫ్ తేడాగా వస్తోందా? ఎక్కడ తప్పుతోందో చూడండి

అల రావడం లేదు, గీత దాదాపు చదునుగా ఉంది

క్యాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉంది, మీరిస్తున్నవి రేడియన్లు. డిగ్రీ మోడ్‌లో సైన్ 6.28 అంటే దాదాపు 0.11 మాత్రమే. ఇక 0 నుంచి 2π దాకా గీసినా అల ఎక్కడి నుంచి వస్తుంది? సైన్ 30 కొట్టి చూడండి. 0.5 వస్తే డిగ్రీలు, −0.988 వస్తే రేడియన్లు. క్షణం పట్టని పని. ఇది వదిలేసి లెక్కంతా మొదటి నుంచి తిరగేసేవాళ్లే ఎక్కువ.

అల ఎత్తు కుదరడం లేదు

గరిష్ఠ విలువనే ఆంప్లిట్యూడ్ అనుకుని ఉంటారు. అల 4కీ −2కీ మధ్య ఊగుతుంటే ఆంప్లిట్యూడ్ 4 కాదు, ఆ రెండింటి తేడాలో సగం, అంటే 3. రెండింటి మొత్తంలో సగం 1, అది మధ్యరేఖ. ముందు మధ్యరేఖను చుక్కలతో గీసుకుని, ఎత్తు దాని మీది నుంచి కొలవండి.

ఎత్తు బాగుంది, ఆవర్తనం (ఒక పూర్తి అల పొడవు) బాగుంది, అయినా జవాబు తప్పు

అసలు తంటా ఇక్కడే. గ్రాఫ్ చూడ్డానికి చక్కగా ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. అల మొత్తం కాస్త పక్కకు జరిగి ఉంటుంది, అంతే.

3 సైన్(2θ − π/3) + 1 తీసుకోండి. బ్రాకెట్లో π/3 కనిపించగానే అలను π/3 కుడికి జరిపేస్తారు. కానీ θ = π/3 దగ్గర బ్రాకెట్ విలువ సున్నా కాదు, π/3. అక్కడ గ్రాఫ్ ఎత్తు దాదాపు 3.6. అల మొదలవ్వాల్సింది మధ్యరేఖ మీద, అంటే 1 దగ్గర కదా!

θ ముందున్న 2 అలను సగానికి నొక్కేస్తుంది, దాంతోపాటు జరుగుడునూ సగం చేస్తుంది. ఆ 2ను బయటికి తీస్తే 2(θ − π/6) అవుతుంది. జరగాల్సింది π/6. θ ముందు 1/2 ఉంటే ఇదే తిరగబడి, జరుగుడు రెట్టింపవుతుంది. θ ముందు ఏ అంకే లేని లెక్కల్లో పాత అలవాటు సరిగ్గా పనిచేస్తుంది, అందుకే ఈ తప్పు చాలాకాలం బయటపడదు.

సూత్రం గుర్తు పెట్టుకోనక్కర్లేదు, బ్రాకెట్‌ను సున్నాకు సమానం చేయండి. 2θ − π/3 = 0 అంటే θ = π/6, అల మొదలు అదే. ఆవర్తనం 2π/2 = π, దానిలో నాలుగో వంతు π/4. మొదటి బిందువుకు π/4 చొప్పున కలుపుతూ పోతే π/6, 5π/12, 2π/3, 11π/12, 7π/6. ఎత్తులు వరసగా 1, 4, 1, −2, 1. చివరి బిందువును బ్రాకెట్లో పెడితే 2π రావాలి. వస్తే గ్రాఫ్ సరైన చోటే ఉంది.

కొసైన్‌కూ ఇదే పద్ధతి, కాకపోతే మొదటి బిందువు మధ్యరేఖ మీద కాదు, శిఖరం మీద ఉంటుంది.

మిగతావి

అల తలకిందులైతే ముందున్న మైనస్ చూడండి. మైనస్ బ్రాకెట్ లోపల θ పక్కన ఉంటే సైన్(−2θ) = −సైన్ 2θ అని బయటికి తెచ్చుకోండి, కొసైన్‌లో అది మాయమైపోతుంది. శిఖరాలు మొనదేలి ఉంటే బిందువులను స్కేలుతో కలిపారన్నమాట. మీ జవాబు సైన్‌లో, పుస్తకంలోది కొసైన్‌లో ఉంటే టెన్షన్ పడకండి. కొసైన్ θ = సైన్(θ + π/2), రెండూ ఒకటే కావచ్చు. ఒకటి రెండు విలువలు వేసి చూస్తే తేలిపోతుంది.