బోటు మోటార్ మాటిమాటికీ ఆగిపోతుంటే విప్పేముందు జాగ్రత్తలు

ముందు బోటు ఒడ్డుకి తెచ్చి గట్టిగా కట్టేయండి. సముద్రంలో ఊగుతూ కవర్ విప్పడం నా దృష్టిలో పిచ్చిపని.

– గేర్ న్యూట్రల్‌లో పెట్టి, కిల్ స్విచ్ (ఇంజన్‌ని వెంటనే ఆపేసే స్విచ్) తాడు తీసి జేబులో వేస్కోండి. ప్లగ్ వైర్లు కూడా పీకేయాలి, ఎందుకంటే ఫ్లైవీల్ (ఇంజన్ మీదుండే బరువైన చక్రం) చేత్తో తిప్పినా ఒక్కోసారి ఇంజన్ అందుకుంటుంది, ఆ టైంలో ప్రొపెల్లర్ దగ్గర చెయ్యుందంటే ఇక వేళ్ళు ఉండవు.

– బీడీ, సిగరెట్ వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కదా, పడవ అడుగునే పేరుకుంటుంది, కారింది ముందు తుడిచేసి కాసేపు గాలి ఆడనివ్వండి.

– ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచే ఉందా? నవ్వకండి, అది మూసుంటే ఇంజన్ కాసేపు బాగానే తిరిగి తర్వాత పెట్రోల్ లాగలేక ఆగిపోతుంది, అసలు కార్బురేటర్ (పెట్రోల్, గాలి కలిపే భాగం) జోలికే వెళ్ళక్కర్లేదు.

– కొంచెం పెట్రోల్ గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచండి, నీళ్ళు కలిస్తే అడుగున తేరుకుంటాయి.

– టూ స్ట్రోక్ అయితే ఆయిల్ ఎంత కలపాలో ఆ మోడల్ బుక్కులోనే చూడండి, 50:1 (యాభై వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్) అన్నిటికీ పనికిరాదు.

– ఒడ్డు మీద స్టార్ట్ చేయాలంటే ప్రొపెల్లర్ విప్పి, మోటార్ కింది భాగం నీళ్ళ డ్రమ్ములో ముంచాలి. నీళ్ళు లేకుండా తిప్పితే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళ పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రెక్కల చక్రం) పోతుంది. షెడ్డులో మాత్రం వద్దు, పొగ ప్రమాదం.