రీఫ్ ట్యాంక్‌లో పగడాలు పాలిపోకుండా లైటు పెంచడం ఎలా?

రీఫ్ ట్యాంక్ అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. పగడం కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ భాగం పగడానికే ఇస్తాయి. వాడుకోగలిగినదాని కంటే వెలుతురు మించితే శైవలాల్లో హానిచేసే ఆక్సిజన్ రూపాలు పోగుపడతాయి. అప్పుడు పగడం వాటిని బయటికి వదిలేసి తెల్లబడుతుంది. నీళ్లు వేడెక్కి ఉంటే ఇది మరీ త్వరగా జరుగుతుంది. అందుకే లైటు ముట్టుకునే ముందు ఉష్ణోగ్రత 25–26 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉందో లేదో చూసుకోండి.

1. కొలవండి. కంటిని నమ్మొద్దు. నీలం లైటు మనకు మసకగా అనిపిస్తుంది కానీ శైవలాలు దాన్ని బాగా వాడుకుంటాయి. శైవలాలు ఆహార తయారీకి వాడుకోగల వెలుతురు కొలతను పార్ అంటారు. పార్ మీటర్ సెన్సర్‌ను పగడం కూర్చున్న చోటే నీళ్లలో పెట్టండి. అలల వల్ల అంకె ఎగిరిపడుతుంది కాబట్టి కొన్ని సెకన్ల సగటు తీసుకోండి. కొన్ని పాత మీటర్లు నీలం కాంతిని తక్కువ చూపిస్తాయి, ఎల్‌ఈడీలకు పనికొచ్చేదే వాడాలి.

2. పగడాన్ని బట్టి చోటు ఎంచుకోండి. మష్రూమ్, జోయాంథస్, లెదర్ రకాలకు 50–150 పార్ చాలు. టార్చ్, హ్యామర్ వంటి పెద్ద పాలిప్‌ల (పగడంలోని ఒక్కో చిన్న జీవి) రకాలకు 80–150, మాంటిపోరాకు 150–250, ఆక్రోపోరాకు 250–350. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు. పగడం ఇంతకుముందు ఎంత వెలుతురులో పెరిగిందన్నదే అంతకంటే ముఖ్యం, కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి.

3. నెమ్మదిగా పెంచండి. కొత్త పగడాన్ని మొదటి వారం ఇసుక మీద ఉంచి, తర్వాత దశలవారీగా పైకి జరపండి. లైటే కొత్తదైతే పాత లైటు ఇచ్చిన పార్‌కు సమానంగా, లేదా కాస్త తక్కువగా పెట్టి, వారానికి 5 శాతం చొప్పున పెంచండి. రోజుకు మొత్తం 8–10 గంటలు చాలు, పూర్తి తీవ్రత 4–6 గంటలు మించనక్కర్లేదు. వెలుతురు సరిపోవడం లేదనిపిస్తే తీవ్రతను, గంటలను రెండింటినీ ఒకేసారి పెంచకండి. తేడా వస్తే కారణం దేనిదో తెలియదు.

4. పగడాన్ని దగ్గరగా చూడండి. లైటు తగిలే పైభాగం పాలిపోయి, నీడలో ఉన్న అడుగుభాగం రంగు చెక్కుచెదరకుండా ఉంటే వెలుతురు ఎక్కువైందని అనుమానించాలి. నీడవైపు కూడా సమానంగా పాలిపోతే నీళ్లలోని పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షించండి. అవి రెండూ సున్నాకు చేరిన ట్యాంకులో లైటు పెంచడం చాలా ప్రమాదం. నైట్రేట్ 2–10 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంచండి. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తటస్థం చేసే నీటి సామర్థ్యం, 8–9 డీకేహెచ్‌లో (దాన్ని కొలిచే ప్రమాణం) నిలకడగా ఉండాలి. పోషకాలు లేని నీళ్లలో ఆల్కలినిటీ పెరిగితే ఆక్రోపోరా కొనలు కాలిపోతాయి, చాలామంది ఆ తప్పును లైటు మీద వేస్తారు. జోయాంథస్ కాడలు సాగితే, లేదా ఆక్రోపోరా గోధుమరంగుకు మారితే వెలుతురు చాలకపోయి ఉండొచ్చు. గోధుమరంగుకు పోషకాలు మితిమీరడం కూడా కారణం కావచ్చు.

లైటు సెట్టింగ్ మార్చకపోయినా పగడానికి చేరే వెలుతురు పెరిగే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, నీళ్లను శుద్ధి చేసే యాక్టివేటెడ్ కార్బన్ కొత్తగా వేయడం. పసుపుపచ్చగా ఉన్న నీళ్లు తేటపడి వెలుతురు ఒక్కసారిగా లోపలికి దిగుతుంది. రెండోది, లైటు అద్దం మీద పేరుకున్న ఉప్పు తుడవడం. ఈ పనులు చేసిన రోజున తీవ్రతను 10–15 శాతం తగ్గించి, మళ్లీ మెల్లగా పాత స్థాయికి తీసుకురండి.

తెల్లబడ్డ పగడం చచ్చినట్టు కాదు. పలచటి పారదర్శక కణజాలం, విచ్చుకునే పాలిప్‌లు కనిపిస్తే అది బతికే ఉంది. లైటును సగానికి తగ్గించి, సన్నటి ఆహారం వారానికి రెండు మూడుసార్లు అందించండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా దాని చోటు పదేపదే మార్చకండి. కణజాలం అడుగునుంచి ఊడి ఎముకలాంటి అస్థిపంజరం బయటపడుతుంటే మాత్రం అది వేరే సమస్య. వెంటనే ఆల్కలినిటీ, లవణీయత పరీక్షించి, ఆరోగ్యంగా ఉన్న కొమ్మలను విరిచి వేరుచేయండి.