గుద్దుకున్న కారు గ్యారేజీకి ఇచ్చే ముందు

• బండి కదపకముందే ఫొటోలు తీయండి. సొట్టతో పాటు నంబర్ ప్లేట్ కూడా పడాలి.

• ఎవరికైనా దెబ్బలు తగిలితే ముందు ఆసుపత్రి, తర్వాత పోలీస్ స్టేషన్.

• బీమా కంపెనీకి అదే రోజు చెప్పి, క్లెయిమ్ నంబర్ రాసుకోండి.

• కింద నీళ్లో ఆయిలో కారుతుంటే స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ పిలవండి. అలాగే స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే ఆ ఖర్చు మీ నెత్తినే పడొచ్చు.

• నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. మా మెకానిక్ అత్యుత్సాహంతో పగిలిన హెడ్‌లైట్ ఊడదీసి మూలన పడేశాడు. అది ఈ ప్రమాదంలోనే పగిలిందని ఒప్పించేసరికి నాలుగు రోజులు టెన్షన్.

• క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా గ్యారేజీకి కట్టడం) అంటే మొత్తం ఉచితం కాదు. జీరో డెప్ (భాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం మనదే. అద్దాలకు ఆ కోత లేదు. ఇవి కాక ప్రతి క్లెయిమ్‌లో ఇంజిన్ 1500 సీసీ దాకా అయితే 1,000 రూపాయలు, దాటితే 2,000 మన తప్పనిసరి వాటా.

• చిన్న గీతలకు క్లెయిమ్ వేసే ముందు లెక్క చూసుకోండి. క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే 50 శాతం దాకా పెరిగిన నో క్లెయిమ్ బోనస్, ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. నేనైతే మూడు వేల పనికి జేబులోంచే ఇస్తాను.