రోజూ నడిచే దారిని చూడటం ఎలా? కడపలో అర కిలోమీటరు చాలు

దారి పొడుగయ్యేకొద్దీ కంటికి ఆనేది తగ్గిపోతుంది. ఆరోగ్యం కోసం పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లు ఆ నడక మానాల్సిన పనిలేదు. చూడటానికి మాత్రం అందులో ఒక అర కిలోమీటరు విడిగా పెట్టుకుని, దానికి 20 నిమిషాలు ఇవ్వండి. రోజూ అదే ముక్క. దారి మార్చితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోలేరు. ఈ పనంతా ఆ తేడాలోనే ఉంది.

దారి ఎంచుకోవడం

పాలకొండల దాకా పోనక్కర్లేదు. వెనక వీధి, బుగ్గవంక గట్టు, ఇల్లు కట్టకుండా వదిలేసిన ప్లాటు, ఏదైనా సరే. ఆ ముక్కలో నాలుగు ఆగే చోట్లు ఉండేలా చూసుకోండి: ఒక జిల్లేడు మొక్క, ఒక పెద్ద చెట్టు (వేపైనా కానుగైనా), వాన తగలని పొడి దుమ్ము, నాపబండలు నిలబెట్టి కట్టిన కంచె. మన ఊళ్లో ఈ నాలుగూ దొరకని పేట అరుదు.

మే చివర్లో సూర్యోదయం దాదాపు 5:45కి, జనవరిలో 6:40 దాటాక. పొద్దు పొడిచిన అరగంటకు బయల్దేరితే ఏటవాలు ఎండలో సాలెగూళ్లు, పురుగులు బాగా కనబడతాయి. రోహిణి కార్తెలో 8 దాటితే పురుగూ నీడకు పోతుంది, మీరూ పోతారు.

వెంట ఉండాల్సినవి జేబులో పట్టే పుస్తకం, పెన్సిల్, పది రెట్లు చూపించే చిన్న భూతద్దం. పెన్ను వద్దు, చెమట చేతికి సిరా అలుక్కుపోతుంది. ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే పెట్టండి. పిట్ట ఎక్కడుందో ముందు చెప్పేది చెవే.

జిల్లేడు దగ్గర ఎక్కువసేపు

నాలుగు చోట్లలో ఒక్కదానికే సమయం ఉంటే జిల్లేడుకే ఇవ్వండి. మేకలు కూడా పెద్దగా ముట్టని ఈ మొక్క మీద ఒక ఊరే కాపురముంటుంది.

ముందు రెండడుగుల దూరంలో కదలకుండా రెండు నిమిషాలు నిలబడండి. పోగానే ఆకు ఎత్తితే ఉన్నవన్నీ పారిపోతాయి. అందరూ చేసే తప్పు ఇదే. తర్వాత పూల వైపు చూడండి. నల్లగా, బొటనవేలి కొసంత లావున్న తుమ్మెద ఝుమ్మని వచ్చి వాలుతుంది. జిల్లేడు పుప్పొడి పొడిలా రాలదు. జంట సంచుల్లా ఉండి తుమ్మెద కాలికి తగులుకుని ఇంకో పూవుకు పోతుంది.

లేత చివుళ్ల దగ్గర పసుపు చుక్కల్లా గుంపుగా అంటుకుని ఉన్నది పేనుబంక. దాని చుట్టూ చీమలు తిరుగుతుంటే, అవి పేనుబంక వదిలే తియ్యటి నీటి కోసం వచ్చినవి.

ఇప్పుడు ఆకును కింది నుంచి, తుంచకుండా, రెండు వేళ్లతో మెల్లగా పైకెత్తండి. ఆవగింజ కంటే చిన్న తెల్లటి గుడ్డు ఒంటరిగా కనిపించొచ్చు. లేదా తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములున్న గొంగళి పురుగు. నారింజ రెక్కలకు నల్ల అంచూ, అందులో తెల్ల చుక్కలూ ఉండే సీతాకోకచిలుక పిల్ల అది. తినబోయే ముందు ఆ ఆకును గుండ్రంగా కొరికి పాలు కారిపోనిస్తుంది. ఆ పాలలోని విషం దాని ఒంట్లో చేరుతుంది కాబట్టే పిట్టలు దాన్ని వదిలేస్తాయి. ఆ పట్టీల రంగులు పిట్టలకు పెట్టిన బోర్డు అనుకోండి. గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు నెల. రోజూ అదే మొక్క దగ్గరికి పోయేవాళ్లకు మొత్తం కథ దొరుకుతుంది.

పసుపు, నీలం చారల మిడత కనబడితే పట్టుకోవద్దు, చేతి మీద రసం చిమ్ముతుంది. జిల్లేడు పాలు అంటిన చేత్తో కన్ను రుద్దుకోవద్దు. కంట్లో పడితే వెంటనే నీళ్లతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి.

దుమ్ము, బండలు, ముగ్గు

చూరు కింద మెత్తటి దుమ్ములో గరాటులాంటి గుంటలు ఉంటాయి, రూపాయి బిళ్ల వెడల్పున. అడుగున ఒక పురుగు దవడలు తెరుచుకుని కూర్చుంటుంది. గుంట వాలు ఎంత నిలువుగా ఉంటుందంటే, చీమ కాలు పెడితే చాలు, ఇసుక జారుతుంది. ఒక్క ఇసుక రేణువు వేసి చూడండి, కింది నుంచి దుమ్ము ఎగజిమ్ముతుంది. పుల్లతో పొడిస్తే ఆ పూటకు ఏమీ కనబడదు. పెద్దయ్యాక ఇదే తూనీగలాంటి రెక్కల పురుగవుతుంది.

బండల కంచె మీద ఎండ పడే వైపు తొండ ఉంటుంది. జత కట్టే కాలంలో మగ తొండ తల ఎర్రబడుతుంది, ముందుకాళ్ల మీద పైకీ కిందకీ ఊగుతూ ఇంకో మగదాన్ని బెదిరిస్తుంది. బండ సున్నపురాయి జాతిది. వంటింట్లో నిమ్మరసం పడిన కడప బండ మీద తెల్ల మరక మిగిలేది అందుకే. పడి ఉన్న బండను చేత్తో ఎత్తొద్దు, కింద తేలుంటుంది.

వాకిట్లో ముగ్గునూ వదలొద్దు. బియ్యప్పిండితో వేసిందైతే కాసేపటికే చీమలు గీతలను కొరుక్కుపోతుంటాయి. రాతి పొడితో వేసిన ముగ్గు మీదుగా అవే చీమలు పట్టించుకోకుండా నడిచిపోతాయి. కానీ ఎవరి గడప ముందూ వంగి నిలబడొద్దు. "ఏమన్నా, ఏం పారేసుకుంటివి?" అని అడుగుతారు. పుస్తకం చూపించి "చీమల్ని చూస్తున్నా" అంటే నవ్వి ఊరుకుంటారు. కొందరు వాళ్ల పెరట్లో గూడు కూడా చూపిస్తారు.

చెట్టు కిందా, వాన తర్వాతా

వేప పూత ఉగాది దగ్గర, పండ్లు జూన్, జూలైల్లో. పండ్లప్పుడు కిందికి చూడండి, పిట్టలు గుజ్జు తిని వదిలిన గింజలు ఒకేచోట కుప్పగా ఉంటే దాని పైకొమ్మ వాటి కూర్చునే చోటు.

తొలి వానలు పడ్డాక, ఆరుద్ర కార్తె ముందూ వెనకా, ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు నేల మీదికి వస్తుంది. ఎనిమిది కాళ్లు లెక్కపెట్టండి, సాలీడు చుట్టం. ఆ వానల్లోనే నీటి పక్క తుమ్మ, ఈత చెట్లకు గిజిగాడు గూళ్లు కట్టడం మొదలవుతుంది. కట్టేది మగది. హెల్మెట్‌లా సగం కట్టి ఆపిన గూడు కనబడితే, మగది ఆడదాని మెప్పు కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఆడదానికి నచ్చితేనే మగది కింది గొట్టం కడుతుంది, లేకపోతే సగంలోనే వదిలేస్తుంది. గాలికి రాలిన గూడు దొరికితే లోపలి గోడకు అంటించిన మట్టి ముద్దలు వెతకండి.

రాసుకోవడం

ఇల్లు చేరాక కాదు, ఆగిన చోటే రాయండి. తేదీ, గంట, ఎండా మబ్బా, ఏం చూశారు. అంకెలు ఉండాలి: "గొంగళ్లు 3, ఒకటి వేలి గోరంత, రెండు చిటికెన వేలంత". "చాలా బాగుంది" అనే వాక్యం రేపు ఎందుకూ పనికిరాదు. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి, కాళ్లెన్నో రాయండి. ఫొటో చివర్న ఒక్కటి చాలు, ముందే తీస్తే కన్ను పని ఆపేస్తుంది. ఏమీ కనబడని రోజు "జిల్లేడు మీద ఏమీ లేదు" అని రాయండి. గొంగళ్లు మాయమైన మర్నాడు కంచె బండల అంచులకూ, పక్క మొక్క ఆకుల అడుగునా గొంగళి మారి వేలాడే ఆకుపచ్చ గూడు కోసం వెతకాల్సింది ఆ రాతను బట్టే.