జాన్ డీకన్‌ను వింటూ బేస్ గిటార్ నేర్చుకోవడం ఎలా

సికింద్రాబాదులో సాయంత్రం పూట, పాటకు మంద్ర స్వరాలు అందించే బేస్ గిటార్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చర్చి గాయక బృందాల పిల్లలు ఉంటారు, కాలేజీ బ్యాండ్ల వాళ్లు ఉంటారు. ఎవరైనా మొదట అడిగేది వేగం గురించే. వేళ్లు ఎప్పుడు పరుగెత్తుతాయని అడుగుతారు. దానికి జవాబు చెప్పకుండా ముందు ఒక మనిషిని పరిచయం చేస్తాను. ఆయన ఇంగ్లండుకు చెందిన రాక్ బృందం క్వీన్‌లో బేస్ వాయించిన జాన్ డీకన్. రాక్ బేసిస్టు ఏమేమి నేర్చుకోవాలో, దాదాపు అదే వరుసలో, ఆయన జీవితంలో కనిపిస్తుంది.

డీకన్ 1951 ఆగస్టు 19న ఇంగ్లండులోని లెస్టర్‌లో పుట్టారు. గిటార్ల కంపెనీ ఫెండర్ వాళ్లు ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చిందీ ఆ ఏడాదే. తర్వాత ఆయన చేతిలో ఎక్కువగా కనిపించిందీ ఆ వాయిద్యమే. బడి రోజుల్లో స్నేహితులతో కలిసి పెట్టుకున్న బ్యాండులో మొదట రిథమ్ గిటార్ వాయించి, ఆ తర్వాత బేస్‌కు మారారు. లండన్‌లోని చెల్సీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి 1971లో ప్రథమ శ్రేణిలో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది, 19 ఏళ్ల వయసులో, క్వీన్‌లో చేరారు. అంతకుముందు ఆ బృందంలోకి కొందరు బేసిస్టులు వచ్చి వెళ్లిపోయారు. నలుగురిలో చివరగా వచ్చినవాడు, అందరికంటే చిన్నవాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు డీకన్. నిలిచింది ఆయనే.

మీకు ఇప్పటికే మామూలు గిటార్ వచ్చి ఉంటే, కార్డుల (కలిపి మోగించే స్వరాల గుత్తుల) జ్ఞానాన్ని ఉంచుకోండి, అన్ని తీగలనూ ఒకేసారి మీటే అలవాటును వదిలేయండి. వాయిద్యం కొనేటప్పుడు నాలుగు తీగలది చాలు. వాటి శ్రుతి మందమైన తీగ నుంచి ఇ, ఎ, డి, జి. మామూలుగా తీగ పొడవు 34 అంగుళాలు ఉంటుంది. చేతులు చిన్నవైతే 30 అంగుళాలది అడగండి.

మొదటి వారం వాయిద్యం ముట్టుకోకండి, వినండి. ఫోను స్పీకరులో మాత్రం వినవద్దు. ఖాళీ ఇ తీగ, అంటే ఎక్కడా నొక్కకుండా మీటిన ఇ తీగ, సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రమైన ధ్వనిని ఫోనులోని చిన్న స్పీకరు పలికించలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పాటలో బేస్ ఎక్కడుందో పట్టుకుని, దాన్ని నోటితో పాడండి. నోటితో పాడలేని వరుస వేళ్లతో సరిగా రాదు.

ఇక అసలు పాఠం. 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' డీకన్ రాసిన పాట. 1980 అక్టోబరులో అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. దాని బేస్ వరుస మొత్తాన్ని మందమైన ఇ తీగ మీదే వాయించవచ్చు. ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు. ఐదో ఫ్రెట్, మూడో ఫ్రెట్, తర్వాత ఖాళీ తీగ మూడుసార్లు. కాస్త ఆగి, మళ్లీ ఖాళీ తీగ మూడుసార్లు, మూడో ఫ్రెట్, ఖాళీ తీగ, ఐదో ఫ్రెట్. అంతే. కొత్తగా చేరినవాళ్లు కూడా ఒకే రోజులో ఆ స్వరాలను పట్టేస్తారు. పట్టేసి, వచ్చేసిందని అనుకుంటారు. రాలేదు. స్వరాన్ని మీటడం వచ్చింది, ఆపడం రాలేదు.

ఆ పాటలో మొదటి మూడు ఇ స్వరాలను వినండి. ప్రతి స్వరమూ పుట్టి, కొద్దిసేపు నిలిచి, తెగిపోతుంది. రెండు స్వరాల నడుమ ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో డ్రమ్స్ వినబడతాయి. వినేవాడి కాలు కదిలేది ఆ ఖాళీ వల్లే. మృదంగం వాయించేవారు తొప్పి మీద అరచేతిని ఆనించి నాదాన్ని ఎలా అదుపు చేస్తారో, బేసిస్టు కూడా తీగను అలా అదుపు చేయాలి. ఖాళీ తీగను వదిలేస్తే మోగుతూనే ఉంటుంది కనుక ఎడమచేతి వేళ్లను దాని మీద తేలికగా పరవండి. ఫ్రెట్‌కు ఆనేలా నొక్కవద్దు, తాకితే చాలు. కుడిచేతి వేళ్లలో తర్వాత మీటవలసిన వేలు ముందుగానే తీగ మీద వాలాలి. ఈ రెండూ కలిస్తే స్వరం శుభ్రంగా తెగుతుంది.

సాధనకు తాళం లెక్కపెట్టే పరికరం మెట్రోనోమ్‌ను నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టండి. అసలు పాట వేగం సుమారు 110, అక్కడికి చేరడానికి తొందరపడవద్దు. వాయించినదాన్ని ఫోనులో రికార్డు చేసి, స్వరాలను కాకుండా ఖాళీలను వినండి. ఖాళీలో తీగ గొణుగుతున్నట్టు వినబడితే ఆ వేగంలోనే ఉండిపోండి. పిల్లలకు ఇది విసుగు పుట్టిస్తుందని నాకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. చర్చిలోనైనా, కాలేజీ వేదిక మీదైనా, బేస్ బురదగా వినిపించడానికి మూలం చాలాసార్లు ఆపని స్వరాలే.

ఆ పాటను మ్యూనిక్‌లోని మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియోలో రికార్డు చేశారు. ప్రతిధ్వని లేని పొడి శబ్దం కోసం డ్రమ్స్‌లో దుప్పట్లు కుక్కారు. అమెరికా డిస్కో బృందం షిక్‌కు బేస్ వాయించిన బెర్నార్డ్ ఎడ్వర్డ్స్, డీకన్ తమ స్టూడియోకు వచ్చి తమతో గడిపారని తర్వాత చెప్పారు. హార్డ్ రాక్ బృందంలో ఉంటూ డిస్కోను మనసుపెట్టి విన్నందువల్లే ఆ వరుస పుట్టిందని నా నమ్మకం. మీరూ రాక్ ఒక్కటే వినకండి. ఇళయరాజా తెలుగు పాటలు తీసుకుని గాయకుడిని పక్కన పెట్టి బేస్ మీదే చెవి నిలపండి. అందులో మరో పాఠశాల ఉంది.

తర్వాతది 'అండర్ ప్రెషర్'. క్వీన్, ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బోవీ కలిసి 1981లో స్విట్జర్లాండులోని మాంట్రూలో చేసిన పాట. బేస్ వరుసలో డి ఆరుసార్లు, దాని కింది ఎ ఒకసారి. ఇక్కడ నేర్చుకోవలసింది ఓపిక. రెండు నిమిషాలపాటు ఏమీ మార్చకుండా, ఏ అలంకారమూ చేర్చకుండా వాయించండి. వేలు కొత్తది చేయమని పోరుతుంది. చేయకండి.

ఓపిక కుదిరాకే 'యూ ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్' దగ్గరికి రండి. డీకన్ తన భార్య కోసం రాసిన ఈ పాట 1975 నాటి ఆల్బమ్‌లో ఉంది. ఇందులో బేస్ పాడుతుంది, గొంతు ఆగిన చోట కదులుతుంది. దీనిలోని వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో ధ్వని క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి నచ్చలేదు. ఆ ఫ్రెడ్డీ మన పంచగనిలో బడి చదువు చదివినవాడే, పియానోలో గట్టివాడు. డీకన్ ఆ వాయిద్యాన్ని ఇంటికి తీసుకెళ్లి, నేర్చుకుని, రికార్డులో తానే వాయించారు. సొంత పాట కట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కీబోర్డు మీద కార్డులు పట్టుకుని పాట కట్టండి, బేస్‌ను చివర చేర్చండి. బేస్ మీదే మొదలుపెడితే వేళ్లకు అలవాటైన దారిలోనే పాట వెళ్తుంది.

సామాను గురించి కొంచెం. లండన్‌లో ఒక చెత్తతొట్టెలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో, ఒక పాత స్పీకరు పెట్టెలో, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్‌ను డీకన్ తయారుచేశారు. ధ్వని పెంచే మీట కూడా దానికి లేదు. క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే ఎన్నో గిటార్ పొరలను దానితోనే రికార్డు చేశారు, 'గుడ్ కంపెనీ' పాటలో జాజ్ బృందంలా వినిపించేది అదే. మీరు యాంప్లిఫయర్ చేయనక్కరలేదు, కేబుల్ అతకడం నేర్చుకోండి. లోపలి తీగ జాక్ (వాయిద్యంలో గుచ్చే పిన్ను) మొనకు, చుట్టూ ఉన్న అల్లిక దాని ఒంటికి. సోల్డరింగ్ ఐరన్ పట్టగల బేసిస్టును ఏ బ్యాండూ వదులుకోదు.

లెక్కలు కూడా నేర్చుకోండి. క్వీన్ డబ్బు వ్యవహారాల మీద కన్నేసి ఉంచింది డీకనే. కార్యక్రమం ఒప్పుకునే ముందే మైకుసెట్టు అద్దె, ప్రయాణం ఖర్చు, ఎవరి వాటా ఎంత అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసి అందరిచేతా సంతకం చేయించండి. పాట ఎవరి పేరున ఉంటుందో కూడా అప్పుడే తేల్చండి. క్వీన్‌లో మొదట ఎవరి పాట వారి పేరున ఉండేది. 1989 నాటి ఆల్బమ్ నుంచి పాటలను నలుగురి పేరునా వేశారు. దేన్ని ఎంచుకున్నా ముందే రాసుకోవడం ముఖ్యం.

1991 నవంబరు 24న ఫ్రెడ్డీ మరణించారు. డీకన్ ఆ తర్వాత కొద్దిసార్లే వేదిక ఎక్కారు. 1997 జనవరిలో పారిస్‌లో వాయించారు, ఆ ఏడాదే చివరి రికార్డింగు చేసి తప్పుకున్నారు. 2001లో క్వీన్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు కూడా రాలేదు. ఆ నిర్ణయం మీద నాకెంతో గౌరవం ఉంది. ఆయన ఎక్కడున్నారో వెతకమని ఎవరికీ చెప్పను, రికార్డులు చాలు.

ఈ వారం పనిగా 1985 జూలై 13న లండన్‌లోని వెంబ్లీలో కరవు సహాయం కోసం జరిగిన సంగీత కచేరీ లైవ్ ఎయిడ్‌లో క్వీన్ భాగాన్ని రెండుసార్లు చూడండి. ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ ఉంటుంది. మొదటిసారి ఫ్రెడ్డీనే చూడండి, చూడకుండా ఉండలేరు. రెండోసారి డీకన్ కనిపించిన ప్రతి చోటా ఆపి, ఆయన ఎక్కడ నిలబడ్డారు, చూపు ఎవరి మీద ఉంది, ఎడమచేయి తీగను ఎప్పుడు వదిలింది అన్నవి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ముందు పెట్టుకుని మెట్రోనోమ్‌ను 70 దగ్గర పెట్టండి.