పన్ను పీకించుకున్నాక రక్తం ఆగకపోతే

పన్ను పీకిన గుంతలో రక్తం గడ్డకట్టి నిలవాలి. గాయాన్ని మాన్పేది ఆ గడ్డే. డాక్టరు పెట్టిన గాజుగుడ్డను 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టండి. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో తీసి చూడటమే చాలామంది చేసే పొరపాటు. తీసిన ప్రతిసారీ గడ్డ ఊడివస్తుంది.

24 గంటలపాటు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, పొగ తాగొద్దు. వేడి కాఫీ, టీలూ వద్దు. లాలాజలం ఎర్రగా కనబడటం మామూలే, కంగారు పడకండి.

నోరు రక్తంతో నిండుతుంటే నిటారుగా కూర్చోండి. గుంత పైకి ఉబికిన మెత్తటి గడ్డను మాత్రం తుడిచేయండి. శుభ్రమైన గాజుగుడ్డను తడిపి, పిండి, మందంగా మడిచి, సరిగ్గా గుంత మీదే పెట్టి మరో 30 నిమిషాలు కొరకండి. పక్క పళ్ల మీద ఆనితే ఒత్తిడి గాయానికి చేరదు. అప్పటికీ ఆగకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కుట్టు వేసో, జెలటిన్ స్పాంజ్ పెట్టో ఆపుతారు.

నొప్పికి ఆస్పిరిన్ వద్దు, పారాసెటమాల్ మేలు. గుండె జబ్బుకు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్‌లను (రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు) మాత్రం సొంతంగా ఆపకండి, రక్తస్రావం కన్నా అది ప్రమాదం. వాటి సంగతి పన్ను తీయకముందే డాక్టరుకు చెప్పండి. వార్ఫరిన్ వాడేవారికి ముందుగా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే) పరీక్ష తప్పనిసరి. ఐఎన్‌ఆర్ 4 దాటితే పన్ను తీయడం సాధారణంగా వాయిదా వేస్తారు.