నాలుక పోయిన పాత చేతిగంట: సమస్య - పరిష్కారం

లోపల నాలుక ఊడిపోయిందని తాతల నాటి పూజగంటను పాత ఇత్తడి కింద తూకానికి వేసేయకండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలా కరిగిపోయిన మంచి గంటలు ఎన్నో. నాలుక ఎప్పుడైనా కొత్తది పెట్టుకోవచ్చు. ఆ ఒళ్లు మాత్రం మళ్లీ దొరకదు.

ముందు ఒక పరీక్ష

పిడి పట్టుకుని, చెక్క గరిటె కాడతో అంచు మీద మెల్లగా కొట్టండి. మోత సాగుతూ పోయి నెమ్మదిగా ఆగితే ఒళ్లు బాగున్నట్టే. టక్కుమని ఆగినా, జీరగా పలికినా పగులు ఉందేమో చూడాలి. అంచు చుట్టూ కిరోసిన్ రాసి, కాసేపాగి పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన విభూతి పలచగా అద్దండి. పగులులో దాగిన కిరోసిన్ పైకి వచ్చి సన్నటి గీతలా తడి కనిపిస్తుంది.

ఊపితే శబ్దమే లేదు

కారణం: నాలుక గానీ, దాన్ని పట్టుకునే కొక్కెం గానీ పోయింది. లోపల టార్చి వేసి చూడండి.

కొక్కెం ఉంటే పని సులువు. అంచుకు లోపలి వైపు పాత నాలుక తగిలి తగిలి నునుపెక్కిన మచ్చలు ఎదురెదురుగా రెండు ఉంటాయి. కొక్కెం నుంచి ఆ మచ్చ దాకా దారంతో కొలవండి. నాలుక చివరి గుండు సరిగ్గా అక్కడికే రావాలి. గంట గోడ అంచు దగ్గర బాగా మందంగా ఉంటుంది. దెబ్బ అక్కడ పడితేనే మోత నిండుగా వస్తుంది.

వెంటనే గుండు కొనకండి. నైలాన్ దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి ఊపి చూడండి. మోత బలహీనంగా ఉంటే కాస్త పెద్ద నట్టు, గరుకుగా ఉంటే చిన్నది. బరువు కుదిరాక అంతే బరువున్న ఇత్తడి గుండుకు రంధ్రం చేయించి, గట్టి ఇత్తడి తీగతో కొక్కేనికి తగిలించండి. మెత్తటి ఇనుము కూడా పరవాలేదు. గట్టి స్టీలు మాత్రం వద్దు, కంచు అంచును తినేస్తుంది.

కొక్కెమే విరిగితే పిడి ఎలా బిగించారో చూడాలి. మరతో బిగించిన పిడి అయితే విప్పి, చివర కన్ను ఉన్న బోల్టు వేయించండి. గంటతో కలిపి పోతపోసిన కొక్కెం అయితే నడినెత్తిన రంధ్రం చేయించాల్సిందే. గంట మోగేటప్పుడు నెత్తి దాదాపు కదలదు, కాబట్టి అక్కడ చేసే పని స్వరాన్ని పెద్దగా చెడగొట్టదు. అయినా అలవాటున్న చేతికే ఇవ్వండి. సుమారు నాలుగు వంతుల రాగికి ఒక వంతు తగరం కలిసిన గంట కంచు పెళుసుది. వేగంగా డ్రిల్ చేసినా, సుత్తి దెబ్బ పడినా పగులుతుంది.

నాలుక ఉంది, కానీ మోత సాగడం లేదు

కారణం: తీగ బిగుసుకుపోయి, గుండు తగిలాక వెనక్కి రాకుండా అంచును ఆనుకుని ఉంటుంది. కొక్కేనికి తగిలే చోట తీగ కన్ను కొంచెం వెడల్పు చేస్తే చాలు. గుండు అంచు దాటి కిందికి వేలాడుతుంటే తీగ కుదించండి.

కొక్కెం దగ్గర తుప్పు

పోతలో కలిసిపోయిన ఇనుప కొక్కేన్ని తేలిగ్గా తీసుకోకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కొన్నాళ్లకు చుట్టూ ఉన్న కంచునే పగలగొడుతుంది. గంటను చింతపండు రసంలో నానబెట్టకండి, పులుపుకి ఇనుము ఇంకా తుప్పు పడుతుంది. చిలుమును గుడ్డతో పైపైన తోమి, కడిగి, వెంటనే ఆరబెట్టండి. తుప్పు గీకి, చుక్క నూనె వేయండి.

పగులు కనిపించింది

టంకం వేసిన పగులు కంటికి మూసుకుంటుంది, స్వరం మాత్రం తిరిగి రాదు. వెల్డింగ్ షాపుకి అసలు తీసుకెళ్లకండి, ఆ వేడికి పగులు ఇంకా పాకుతుంది. పగులు చిన్నదైతే గంటను మోగించకుండా అలాగే గూట్లో ఉంచుకోవచ్చు. మోగాల్సిందే అంటే కరిగించి మళ్లీ పోత పోయించాలి. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ అడిగి చూడండి. ఇచ్చే ముందు గంటను తూకం వేయించి రాసుకోండి, ఇందులో ఇత్తడి కలపవద్దని గట్టిగా చెప్పండి.